జాయింట్ వెంచర్‌లో వాటా 30, బాధ్యత ఎంత?

ప్రశ్న: సార్, మాది నరసన్నపేట. గెడ్డ మీద వంతెన టెండర్‌కి విజయనగరం కాంట్రాక్టర్ ఒకాయన జాయింట్ వెంచర్ (ఇద్దరం కలిసి ఒకే టెండర్ వేసి పని చేయడం) పెడదామంటున్నారు. ఆయనది 70, నాది 30. ఆయన మధ్యలో వదిలేస్తే నా నష్టం 30 శాతమేనా?

జవాబు: కాదు తమ్ముడూ, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 70-30 అనేది మీ ఇద్దరి లెక్క, టెండర్ షరతుల్లో మామూలుగా ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులని ఉంటుంది కాబట్టి ఆయన చేతులెత్తేస్తే మిగిలిన పని, పెనాల్టీ, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్‌లో (పని పూర్తయ్యాక లోపాలుంటే సరిచేయాల్సిన గడువులో) రిపేర్లు మొత్తం నీ మెడకే చుట్టుకుంటాయి. పార్ట్‌నర్‌షిప్‌గా పెట్టుకున్నా 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 25 చెప్పేదీ అదే, ఫర్మ్ రిజిస్టర్ చేయకపోతే సెక్షన్ 69 వల్ల ఒప్పందం హక్కుల కోసం పార్ట్‌నర్ మీద దావా వేయడమూ కష్టమే.

అసలు గొడవంతా బిల్లు డబ్బుల దగ్గర. పెద్ద వాటాదారు ఈ బిల్లుని తన వేరే సైటుకి మళ్లించేస్తే ఇక్కడ సిమెంటుకీ కూలీలకీ డబ్బుండదు, పని ఆగేది అలాగే. అందుకే ఈ పనికి వేరే అకౌంట్, ఇద్దరి సంతకాలు ఉండి తీరాలి, ఇందులో మొహమాటం వద్దు. బ్యాంక్ గ్యారంటీ ఎవరిస్తారు, పొక్లెయిన్ ఎవరిది, అదీ రాయించు. సంతకానికి ముందు ఆయన చేతిలో ఆగిపోయిన పనులు ఎన్నున్నాయో వాకబు చెయ్యి.