మీ ప్రశ్నలు: ఆ పార్కు ఏ విక్టోరియాది?

ప్రశ్న: లండన్‌లో విక్టోరియా పార్క్ ఉంది, ఇంగ్లండ్‌లోనే ఉన్న బాత్ నగరంలో ఉంది, బెర్లిన్‌లోనూ ఉంది. ఇవన్నీ ఆ ఒక్క విక్టోరియా మహారాణి పేరు మీదేనా? బెర్లిన్ వాళ్ళకి ఇంగ్లండ్ రాణితో ఏం పని?

జవాబు: లండన్‌దీ బాత్‌దీ మహారాణి పేరే. బెర్లిన్‌ది మాత్రం ఆవిడ పెద్ద కూతురిది. ఆ కూతురి పేరూ విక్టోరియానే, ఇంట్లో విక్కీ అని పిలిచేవాళ్ళు. 1840లో పుట్టి, 17 ఏళ్ళకే జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాకుమారుడు ఫ్రెడరిక్‌ని పెళ్ళి చేసుకుని 1858లో బెర్లిన్ వెళ్ళిపోయింది. 1888లో భర్త జర్మనీ చక్రవర్తి అయ్యాడు గానీ అప్పటికే గొంతు క్యాన్సర్ ముదిరిపోయింది, 99 రోజులు ఏలి చనిపోయాడు. పార్కు పని మొదలైందీ ఆ ఏడాదే, పూర్తయింది 1894లో.

విక్టోరియా అంటే లాటిన్‌లో గెలుపు, అందుకే అక్కడికి వెళ్ళిన చాలామంది ఆ పేరుని యుద్ధంలో గెలుపుకి పెట్టుకున్నారని అనుకుంటారు, వాళ్ళ తప్పేం లేదు, పార్కులోని గుట్ట మీద నిజంగానే యుద్ధ స్మారకం ఉంది. నెపోలియన్ మీద చేసిన యుద్ధాల గుర్తుగా షింకెల్ అనే ఆర్కిటెక్ట్ పోత ఇనుముతో డిజైన్ చేసిన ఆ స్తంభాన్ని 1821లో ఆవిష్కరించారు, అంటే పార్కు కంటే 70 ఏళ్ళు ముందు. దాని కొసన ఉన్న ఐరన్ క్రాస్ (ప్రష్యా సైనిక పతకం ఆకారంలోని శిలువ) వల్లే గుట్టకి క్రోయిట్స్‌బెర్గ్, అంటే శిలువ గుట్ట, అని పేరొచ్చింది, గుట్ట నుంచి ఆ పేరు మొత్తం పేటకి పాకింది. స్మారకం కింద నుంచి వీధి వైపు రాళ్ళ మీదుగా దూకే జలపాతం కూడా ఉంది, మనుషులు కట్టిందే, కొండల్లో ఉన్న ఒక అసలు జలపాతాన్ని చూసి దాని పోలికలో కట్టారు. ఊరి మధ్యలో ఇది చూసి మొదట ఎవరైనా సహజమైనదే అనుకుంటారు.

ప్రశ్న: మరి లండన్ పార్కు రాణిగారు కట్టించి ఇచ్చిందేనా? దానికి డబ్బు ఎవరు పెట్టారు?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు థాంక్స్, ఎందుకంటే బోర్డు మీద పేరు చూసి అందరూ అలాగే అనుకుంటారు. నా లెక్క ప్రకారం ఆ పార్కు ఈస్ట్ ఎండ్ అనే లండన్ తూర్పు పేటల జనం అడిగి సాధించుకున్నది, రాణిది పేరు మాత్రమే.

1830ల చివర్లో విలియం ఫార్ అనే అధికారి జనన మరణాల లెక్కలు తీస్తే, లండన్‌లో మిగతా చోట్ల కంటే తూర్పు పేటల్లో మనుషులు ఎక్కువగా చనిపోతున్నారని తేలింది. ఇరుకు ఇళ్ళు, మురికి, పొగ, పైగా ఊపిరి పీల్చుకోవడానికి ఖాళీ జాగా అంటూ లేదు. అక్కడ ఒక పార్కు ఉంటే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయని ఆయన రాశాడు. 1840లో దాదాపు 30,000 మంది సంతకాలు పెట్టి రాణికి అర్జీ పంపారు. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసింది, యార్క్ హౌస్ అనే రాజ సంపద భవనాన్ని 72,000 పౌండ్లకి అమ్మి ఆ సొమ్ముతో భూమి కొన్నారు. జేమ్స్ పెన్నెథోర్న్ ప్లాన్ గీశాడు, 1845 నుంచి జనాన్ని లోపలికి రానిచ్చారు. రాణిగారు స్వయంగా వచ్చి చూసింది 1873లో, అంటే 28 ఏళ్ళ తర్వాత!

ఈలోపు జనం దాన్ని తమ సొంతం చేసేసుకున్నారు. ఇంట్లో స్నానానికి నీళ్ళు లేనివాళ్ళు అక్కడి చెరువులోనే మునిగేవాళ్ళు. 1848లో ఓటు హక్కు అడిగిన చార్టిస్టులు సభ పెట్టారు. తర్వాత ఆదివారాలు ఉపన్యాసాల జాతరే, విలియం మోరిస్ లాంటి సోషలిస్టులు మాట్లాడేవాళ్ళు, మనకి హోమ్ రూల్ ఉద్యమంతో తెలిసిన అనీ బిసెంట్ కూడా ఇండియా రాకముందు అక్కడ మాట్లాడి జనాన్ని పోగేసింది. 1978లో జాతి వివక్షకి వ్యతిరేకంగా పెట్టిన పెద్ద సంగీత సభ కూడా ఈ పార్కులోనే. అక్కడ మంచినీళ్ళ కోసం కట్టిన పెద్ద ఫౌంటెన్ ఉంది చూడండి, 1862 నాటిది, అది కూడా రాణి ఇచ్చింది కాదు, ఏంజెలా బర్డెట్ కూట్స్ అనే ధనవంతురాలు తన డబ్బుతో కట్టించింది. 1831లో కూల్చిన పాత లండన్ వంతెన రాతి గూళ్ళు రెండు తెచ్చి పార్కులో పెట్టారు, వాటిలో కూర్చోవచ్చు కూడా. ఫొటోలు తీసుకునేవాళ్ళు చాలామంది అవేంటో తెలియకుండానే తీసుకుంటారు.

ప్రశ్న: బాత్‌లో పార్కు రాణి కాకముందే ఉందంటారు, అదెలా?

జవాబు: నిజమే. 1830లో ఆ పార్కుని ప్రారంభించినప్పుడు ఆవిడకి 11 ఏళ్ళు, ఉత్త రాకుమారి. సింహాసనం ఎక్కింది 1837లో. పార్కు ప్రారంభించిన రోజు ఎవరో తన చీలమండలు లావుగా ఉన్నాయన్నారని అలిగి మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదని ఒక కథ చెప్తారు, కథగానే వినండి.

ప్రశ్న: ఒకే కుటుంబంలో ఇంతమందికి ఒకే పేరా? పిలిస్తే ఎవరు పలికేవారు?

జవాబు: నవ్వొచ్చే సంగతే గానీ దానికి కారణం మహారాణే. తన సంతానంలో, వాళ్ళ పిల్లల్లో విక్టోరియా అనే తన పేరు, ఆల్బర్ట్ అనే భర్త పేరు నిలవాలని ఆవిడ పట్టుదల. ఆవిడకి మాత్రం ఆ పేరు జర్మనీ నుంచి వచ్చిన తల్లిది. అసలు ఆవిడ మొదటి పేరు అలెగ్జాండ్రినా, చిన్నప్పుడు డ్రీనా అనేవాళ్ళు. ఇక మనవరాళ్ళ సంగతికొస్తే, ముద్దు పేర్లు లేకపోతే ఇంట్లో గందరగోళమే. విక్టోరియా యూజీనీని ఎనా అన్నారు, విక్టోరియా మెలీటాని డకీ అన్నారు. ఈ ఎనా 1906లో స్పెయిన్ రాజు అల్ఫోన్సో 13ని పెళ్ళాడి చర్చి నుంచి ఊరేగింపుగా వెళ్తుంటే మాడ్రిడ్ వీధిలో బాంబు వేశారు, పెళ్ళికూతురి బట్టల మీద రక్తం చింది, చుట్టుపక్కల వాళ్ళు చాలామంది చనిపోయారు, వాళ్ళిద్దరూ మాత్రం బయటపడ్డారు.

ప్రశ్న: స్వీడన్ యువరాణి విక్టోరియాకి వీళ్ళతో చుట్టరికం ఉందా? ఆవిడ పేరు మీద పార్కు ఏమైనా ఉందా?

జవాబు: చుట్టరికం ఉంది, అదీ రెండు దారుల్లో. ఆవిడ ముత్తాత గుస్తాఫ్ 6 అడాల్ఫ్ మొదటి భార్య మార్గరెట్ మన మహారాణి మనవరాలు. ఆ ముత్తాత తల్లి ఇంకో విక్టోరియా, జర్మనీలోని బాడెన్ నుంచి స్వీడన్‌కి వచ్చిన రాణి. ఈ బాడెన్ విక్టోరియాకి బెర్లిన్ విక్కీ సొంత మేనమామ భార్య. ఇక్కడికి తల తిరిగితే చెప్పండి, నాకూ తిరిగింది.

పార్కు అంటే, స్వీడన్‌లోని ఓలాండ్ దీవిలో సోలిడెన్ అనే విల్లా ఉంది. బాడెన్ విక్టోరియా ఆరోగ్యం అంతంతమాత్రం, ఇటలీ అంటే ప్రాణం, అందుకే 1906కి పూర్తయిన తెల్లటి ఇటలీ తరహా విల్లా, దాని చుట్టూ తోటలు వేయించుకుంది. పేరు విక్టోరియా కాదు, నిజానికి అది రాజకుటుంబం సొంత ఆస్తి, కానీ వేసవిలో టికెట్ కొనుక్కుని తోటల్లో తిరగొచ్చు. జూలై 14న యువరాణి పుట్టినరోజు వేడుకలు అక్కడా, పక్కనే ఉన్న బోర్గ్‌హోల్మ్ ఊళ్ళోనూ జరుగుతాయి. 1977లో పుట్టిన ఈవిడకి తమ్ముడు 1979లో పుట్టగానే అప్పటి చట్టం ప్రకారం వారసత్వం అతనికే పోయింది, 1980 జనవరి 1న చట్టం మారి ఈవిడకి వచ్చింది.

ప్రశ్న: రాణులు, యువరాణులు కాని విక్టోరియాలు లేరా?

జవాబు: ఎందుకు లేరు! స్పెయిన్‌లో విక్టోరియా కెంట్ ఉంది, లాయరు, 1931లో దేశం మొత్తం జైళ్ళకి డైరెక్టర్ జనరల్. ఖైదీల సంకెళ్ళు తీయించింది. అయితే ఆ ఏడాదే పార్లమెంటులో ఆడవాళ్ళకి ఓటు వెంటనే ఇవ్వొద్దని వాదించింది, ఇప్పుడే ఇస్తే చర్చి చెప్పినట్టు వేస్తారని ఆవిడ భయం. ఇంకో మహిళా సభ్యురాలు క్లారా కాంపొఆమోర్ దానికి ఎదురు వాదించి గెలిచింది. 1933లో ఆడవాళ్ళు మొదటిసారి దేశమంతటా ఓటేశారు, ఆ ఎన్నికల్లో కెంట్ ఓడిపోయింది, చిత్రం ఏమిటంటే కాంపొఆమోర్ కూడా ఓడిపోయింది.