నాలుగు రోజుల సెలవుకు నాలుగు ఊళ్ళెందుకు?

ప్రశ్న: అక్కయ్యగారూ, మేము జర్మనీ వచ్చి ఎనిమిది నెలలైంది. మే నెలలో నాలుగు రోజులు సెలవు దొరికింది. బార్సిలోనా, మాడ్రిడ్, గ్రనాడా, మలగా చూసి రావాలని మావారి ఆలోచన. పర్యాటక వీసా మీద మా దగ్గరకు వచ్చిన అత్తగారు కూడా వస్తారు. ఆవిడ శాకాహారి. స్పెయిన్‌కు వేరే వీసా కావాలా?

జవాబు: ముందు వీసా సంగతి. జర్మనీ నివాస కార్డు ఉంటే మీ ఇద్దరికీ వేరే వీసా అక్కర్లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా ఉండవచ్చు. అత్తగారిది మామూలు షెంగెన్ వీసా, అంటే ఐరోపాలో చాలా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చేది అయితే, స్పెయిన్‌లోనూ చెల్లుతుంది. దాని మీది తేదీలు, మిగిలిన రోజుల లెక్క చూసుకోండి. అయితే కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. నేను వచ్చిన కొత్తలో కార్డు పర్సులో వేసుకుని, పాస్‌పోర్టు బీరువాలో భద్రంగా దాచి విమానం ఎక్కబోయాను. ఆ టికెట్ డబ్బుల గురించి మావారు ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు.

ఇక మీవారి ఆలోచన. తిరుపతి వెళితే పనిలో పనిగా కాళహస్తి, కాణిపాకం చుట్టి వచ్చే అలవాటు మనది. నా మాట విని ఆ నాలుగు ఊళ్ళ ఆలోచన మాని, మలగాలో విమానం దిగి నేరుగా ఆ తీరంలోని నెర్హా అనే ఊరికి వెళ్ళిపోండి. ఆ ఊరికి రైలు లేదు. విమానాశ్రయం నుంచి లోకల్ రైల్లో మలగాలోని మరియా సాంబ్రానో స్టేషనుకు వస్తే పక్కనే బస్టాండు, అక్కడ నెర్హా బస్సు ఎక్కండి. తెల్లటి ఇళ్ళు, వెనక కొండలు, ముందు మధ్యధరా సముద్రం. ఊరి నడుమ సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన చోటును ‘ఐరోపా బాల్కనీ’ అంటారు. భూకంపం తరవాత 1885లో పరామర్శకు వచ్చిన రాజు పన్నెండో అల్ఫోన్సో ఆ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. సాయంత్రం అక్కడ బెంచీ మీద కూర్చోవడమే ఒక పని. పెద్దది బురియానా బీచి, కానీ దారి బాగా ఏటవాలు. అత్తగారి మోకాళ్ళకు టాక్సీయే మేలు. మే నెలలో నీళ్ళు చల్లగానే ఉంటాయి, స్నానాల మీద ఆశ పెట్టుకోకండి.

అసలు చిక్కు భోజనం దగ్గరే. ‘మాంసం లేదు’ అంటూనే, పంది తొడను మాంసం కింద లెక్కపెట్టక దాని ముక్కలు చల్లి తెచ్చేవాళ్ళున్నారు. ‘వెజిటల్’ అని రాసిన శాండ్‌విచ్‌లో ట్యూనా చేప ఉండటం మామూలే. అందుకని ‘సిన్ హమోన్, సిన్ అతూన్’ (పంది తొడ వద్దు, ట్యూనా వద్దు) అని రెండూ విడివిడిగా చెప్పండి. అత్తగారికి తప్పకుండా పెట్టించవలసింది మాత్రం వంకాయ వేపుడు. వంకాయ ముక్కలకు పిండి పట్టించి వేయించి, పైన చెరకు పాకం పోస్తారు. బెల్లం పాకం ఎరిగిన నాలుకకు పరిచయం చేయనక్కర్లేదు. చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తున్నారేమో ముందే అడగండి. చాలా హోటళ్ళలో సాయంత్రం వంటగది మూసేసి ఎనిమిది తరవాతే తెరుస్తారు. మా పిల్లలు ఆరింటికే ఆకలని గోల పెడితే బిస్కెట్లతో గడిపిన పూట ఒకటుంది.

ఆ చెరకును ఈ తీరానికి తెచ్చింది అరబ్బులు. ఊరి దగ్గరి నెర్హా గుహలకు వెళ్ళే దారిలో నాలుగు అంతస్తుల కమానుల వంతెన కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో చక్కెర మిల్లుకు నీళ్ళు పారించడానికి కట్టారు. గుహలను 1959లో అయిదుగురు కుర్రాళ్ళు కనుగొన్నారు. లోపల సుమారు 32 మీటర్ల సున్నపురాతి స్తంభం ఉంది. బొర్రా గుహలు చూసినవాళ్ళు కూడా కాసేపు నోరు తెరుస్తారు. మెట్లు చాలా ఉన్నాయి, అత్తగారిని అడిగి తీసుకెళ్ళండి.

ఒక పూట బస్సులో కొండ మీది ఫ్రిహిలియానా అనే ఊరికి వెళ్ళండి, ఆరు కిలోమీటర్లే. అక్కడి పాత మిల్లులో ఇప్పటికీ చెరకు పాకం కాస్తారు. ఒక సీసా కొనుక్కోండి, దోసెల్లోకి బ్రహ్మాండం. చేతి సంచిలో పెట్టకండి, తనిఖీలో తీసి పక్కన పెడతారు.