కొత్త డిజైన్ల ఫర్నిచర్ కొనేముందు పైపూత కింద ఏముందో చూడాలి: రెండు ఇళ్ళ అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: హైదరాబాదులో కొత్త ఫ్లాటులోకి మారబోతున్నారు, సన్నని కాళ్ళ భోజనాల బల్ల, నిలువు గాడులున్న తలుపుల వార్డ్‌రోబ్, పేము అల్లిక బిగించిన అలమర వంటి ఈనాటి డిజైన్లు మీకు నచ్చాయి, కానీ ఒక దుకాణంవారు ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన పలక) మంచిదని, ఇంకొకరు పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో నొక్కిన పలక) చాలని, మీ వడ్రంగి మాత్రం ప్లైవుడ్ తప్ప మరో మాట వద్దని చెబుతున్నారు, పైగా ఊళ్ళో ఉన్న పాత టేకు మంచాన్ని అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది తేలలేదు. నేను 2015లో హైదరాబాదు ఫ్లాటుకు, 2020లో కాకినాడలో ఇప్పుడుంటున్న ఇంటికి ఫర్నిచర్ చేయించుకున్నాను. మొదటిసారి రంగులూ ఆకారాలూ చూసి ఎంచుకున్నాను, రెండోసారి లోపలి పలక చూసి ఎంచుకున్నాను. ఆ తేడా వల్ల తెలిసిన విషయాలను వివరంగానే రాస్తున్నాను.

ప్రతి డిజైన్‌కూ ఒక పుట్టిల్లు ఉంటుంది, అది దాని పదార్థం. జర్మన్-ఆస్ట్రియన్ ఫర్నిచర్ తయారీదారు మైఖేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ వీపు అంత అందంగా వంపు తిరగడానికి కారణం, బీచ్ కర్రను ఆవిరితో మెత్తబరచి అచ్చులో వంచే పద్ధతిని ఆయన సాధించడమే. 6 కర్ర ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లతో ఒక కుర్చీ తయారయ్యేది, విడదీస్తే 36 కుర్చీలు ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. 1950లలో చండీగఢ్ ప్రభుత్వ భవనాల కోసం స్విస్ వాస్తుశిల్పి పియర్ జానరే రూపొందించిన కుర్చీలను ఇప్పుడు కాఫీ హోటళ్ళలోనూ ఇళ్ళలోనూ అందరూ అనుకరిస్తున్నారు కదా, వాటి ఏటవాలు కాళ్ళు టేకు బలం మీద, తేలికదనం పేము అల్లిక మీద ఆధారపడి పుట్టినవి. కర్రలో నార పొడవునా సాగుతుంది కనుక అంగుళంన్నర మందం కాలు కూడా మనిషి బరువును మోస్తుంది. అదే ఆకారాన్ని నార అనేదే లేని పొట్టు పలకతో కోసి, పైన చెక్క బొమ్మ ముద్రించిన కాగితం అంటిస్తే చూడడానికి తేడా తెలియదు. స్క్రూ పట్టు వదిలిన రోజున తెలుస్తుంది.

పార్టికల్ బోర్డు చెడ్డదని నేను చెప్పడం లేదు. ఐకియా 2018 ఆగస్టులో హైదరాబాదులో తమ తొలి భారతీయ దుకాణం తెరిచిన కొద్ది నెలలకే అక్కడ లాక్ అనే చిన్న బల్ల కొన్నాను, అది నేటికీ మా హాలులో ఉంది. దాని పలక రెండు అంగుళాల మందంతో బరువుగా కనిపిస్తుంది కానీ ఎత్తితే తేలిక, ఎందుకంటే పైనా అంచుల్లోనూ పార్టికల్ బోర్డు, నార పలక ఉన్నా లోపల ఎక్కువ భాగం తేనెపట్టు గదుల్లా మడిచిన కాగితమే ఉంటుంది. ఆ మందమైన చదరపు ఆకారం ఆ కాగితపు అమరిక కోసం పుట్టింది. దాని మీద టీ కప్పులు, పుస్తకాలు పెడతాం తప్ప మనుషులం కూర్చోం, కాబట్టి చేయవలసిన పని అది చేస్తోంది. పొడిగా ఉండే గదిలో, తక్కువ బరువుకు, విప్పి మళ్ళీ బిగించే అవసరం రాని చోట పార్టికల్ బోర్డుతో ఇబ్బంది ఉండదు.

ఇబ్బంది నాకు వంటింట్లో ఎదురైంది. హైదరాబాదు ఫ్లాటులో మాడ్యులర్ కిచెన్ మొత్తం ముందే లామినేట్ అంటించి వచ్చిన పార్టికల్ బోర్డుతో చేశారు. అమ్మినవారు దాన్ని ఇంజనీర్డ్ వుడ్ అన్నారు, ఆ మాటకు అర్థం నేను అడగలేదు. సింకు కింద పైపు అతుకు దగ్గర చుక్క చుక్కగా కారడం మాకు తెలియలేదు. రెండో వర్షాకాలం తరువాత కింది అర ముందు అంచున అంటించిన పట్టీ ఒకచోట పైకి లేచింది. దాన్ని గోటితో పైకి లాగితే లోపలి పలక నానిన అటుకుల్లా ఉబ్బి ఉంది. 18 మిల్లీమీటర్ల మందం ఆ మూలన దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. వేలితో నొక్కితే రవ్వలా రాలింది. తలుపు మడత బందుల స్క్రూలు వాటంతట అవే బయటికి వచ్చాయి. చెక్క ముక్కలను జిగురుతో కలిపి వేడి మీద బలంగా నొక్కితే పార్టికల్ బోర్డు తయారవుతుంది. ఆ నొక్కుడుకు అణిగి ఉన్న ముక్కలు నీరు తగిలితే ఉబ్బుతాయి, ఎండిన తరువాత మళ్ళీ వెనక్కి అణగవు. అందుకే ఎండబెట్టి బాగు చేయడం కుదరలేదు, అడుగు వరుస అంతా మార్చవలసి వచ్చింది.

కాకినాడ ఇంట్లో సింకు కింద ఏ చెక్కా పెట్టలేదు. మన పాత ఇళ్ళ వంటగదుల్లో ఉండే కడప బండలనే నిలువుగానూ అరలుగానూ కట్టించి, ముందు తలుపులు మాత్రం కొత్త డిజైన్‌లో, పిడి కనిపించకుండా పెట్టించాను. తలుపు మూసి ఉంటే అది ఏ తరహా వంటిల్లో ఎవరూ చెప్పలేరు. తెరిస్తే నల్లటి బండ కనిపిస్తుంది, నీళ్ళు పోసి కడుక్కోవచ్చు. మీరూ ఈ ఒక్క చోట ఇలాగే చేయించుకోమని గట్టిగా చెబుతాను.

ఇక ప్లైవుడ్ సంగతి. పలుచని చెక్క పొరలను ఒకదాని నార నిలువుగా, తరువాతిదాని నార అడ్డంగా ఉండేలా పేర్చి జిగురుతో నొక్కుతారు కనుక అది రెండు దిశల్లోనూ బలంగా ఉంటుంది, స్క్రూను పట్టి ఉంచుతుంది. అయితే ప్లైవుడ్ అనే పేరు చాలదు, లోపలి జిగురు ఏదన్నదే అసలు ప్రశ్న. కమర్షియల్ ప్లై అని పిలిచే రకం ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణంలోని తేమను మాత్రమే తట్టుకునే తరగతికి చెందుతుంది. అందులో సాధారణంగా యూరియా జిగురు ఉంటుంది. మెరైన్ ప్లై అనేది ఐఎస్ 710. అందులో ఫినాల్ జిగురు వాడతారు, 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష.

మా వడ్రంగి మేస్త్రి గారు ఈ మాట నోటితో చెప్పి ఊరుకోలేదు. మూడు దుకాణాల నుంచి జానెడు ముక్కలు మూడు తెప్పించి, ఒక్కొక్కదాని మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, పాత అల్యూమినియం గిన్నెలో వేసి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పొయ్యి మీద మరిగించారు. నీళ్ళు కాసేపటికే టీ డికాక్షన్ రంగుకు వచ్చాయి. కమర్షియల్ ముక్క మూలలు రెండు గంటల్లోపే పుస్తకం పుటల్లా విచ్చుకున్నాయి, అది ఊహించినదే. మిగిలిన రెండింటి మీదా ఐఎస్ 710 ముద్ర ఉంది. వాటిలో ఒకటి మధ్యాహ్నానికి నడుమ ఉబ్బింది. కోసి చూస్తే లోపలి పొరల మధ్య బియ్యపు గింజ పట్టేంత ఖాళీలు ఉన్నాయి. మూడోది రంగు మారిందే తప్ప పొర కదలలేదు. ఇంటి పొయ్యి మీద కొన్ని గంటల పరీక్ష ప్రయోగశాలలో 72 గంటల పరీక్షకు సమానం కాదు, కానీ చెడ్డ పలకను పట్టుకోవడానికి మాకు అది సరిపోయింది. పలక కొనేముందు 8×4 అడుగుల పూర్తి షీటును అంచు వైపు నుంచి చూడండి, వేలి కణుపులతో నాలుగైదు చోట్ల తట్టండి. ఒకచోట చప్పుడు బోలుగా వినిపిస్తే అక్కడ పొర ఖాళీ ఉన్నట్టు.

మీకు నచ్చిన నిలువు గాడుల తలుపులకు మాత్రం మీ వడ్రంగి మాటతో నేను ఏకీభవించను, వాటికి ఎండీఎఫ్ సరైనది. చెక్కను మెత్తని నారగా పొడిచేసి నొక్కిన పలక అది. దానిలో నార దిశ ఉండదు కనుక యంత్రం ఏ వైపు గాడి తీసినా అంచు చిట్లదు, రంగు అద్దంలా పడుతుంది. ప్లైవుడ్‌లో అదే గాడి తీస్తే ప్రతి గాడిలోనూ అడ్డ పొరల చారలు బయటపడతాయి. మా పడకగది వార్డ్‌రోబ్‌కు పెట్టె ప్లైవుడ్‌తో, తలుపులు గాడుల ఎండీఎఫ్‌తో చేయించి పీయూ (పాలీయురిథేన్) రంగు వేయించాను. ఇప్పటికీ చెక్కు చెదరలేదు. రెండు జాగ్రత్తలు చెబుతాను. గాడి తీసిన చోట పలక లోపలి భాగం బయటపడి రంగును ఎక్కువగా పీలుస్తుంది, అందువల్ల అక్కడ ప్రైమర్ రెండుసార్లు వేయమనండి, తలుపు వెనుక వైపును కూడా వదలవద్దనండి. ఇక బరువు: ఏడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎండీఎఫ్ తలుపు దాదాపు 13 కిలోలు ఉంటుంది, దానికి మూడు మడత బందులు చాలవు, నాలుగు వేయించాలి. స్నానాల గది గోడకు ఆనుకునే వార్డ్‌రోబ్ అయితే ఈ తలుపులు అక్కడ వద్దు. గాడుల్లో దుమ్ము పేరుకుంటుంది, గుడ్డ పనికిరాదు. నేను పొడి పెయింట్ బ్రష్షు వాడతాను.

కొత్త అలమర తెరిచినప్పుడు కళ్ళు మండించే వాసన వస్తుంది కదా, అది జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు. పిల్లలున్న ఇల్లయితే పలకలకు ఇ-1 లేదా ఇ-0 తరగతి (ఆ వాయువును తక్కువగా వదిలే పలకలు) ముద్ర ఉందేమో అడగండి, ఇంట్లోకి దిగేముందు రెండు వారాలు తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచండి. మేము మొదటి ఇంట్లో ఇది చేయలేదు, నెల రోజుల పాటు మా అమ్మాయి కళ్ళు నులుముకుంటూనే ఉంది.

పేము అల్లిక గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. నిజమైన పేము అల్లికను ముందుగా నీళ్ళలో నానబెట్టి, తడిగానే చట్రపు గాడిలోకి దించి, పైన సన్నని పేము పుల్లను జిగురుతో కొట్టి బిగిస్తారు. ఆరేకొద్దీ అది ముడుచుకుని చర్మంలా లాగి పట్టుకుంటుంది. వానాకాలంలో మళ్ళీ తేమ పీల్చి కొద్దిగా వదులవుతుంది. మొదటి జూలైలో మా అలమర తలుపు మధ్యలో లోపలికి జారినట్టు కనిపిస్తే చెడిపోయిందనుకున్నాను. మేస్త్రి గారు వెనుక వైపు, అంటే నున్నటి పొర లేని వైపు, తడిగుడ్డతో బాగా తుడిచి ఫ్యాను కింద ఒక రాత్రి ఆరనిమ్మన్నారు, తెల్లారేసరికి తలుపు మళ్ళీ బిగుసుకుంది. హైదరాబాదు వేసవి పొడిగాలికి పేము పెళుసెక్కుతుంది కనుక మీరు ఏప్రిల్, మే నెలల్లో కూడా ఒకటి రెండుసార్లు ఇలా తడిపి తుడవండి. ప్లాస్టిక్ అల్లికకు ఈ సేవ అవసరం లేదు, కానీ అది ఒకసారి సాగితే తడిపినా బిగియదు.

ఇనుప కాళ్ళ బల్లల విషయంలో కాకినాడ ఉప్పుగాలి నాకు నేర్పింది హైదరాబాదులో కూడా పనికివస్తుంది. మా భోజనాల బల్ల కాళ్ళు నల్ల పౌడర్ కోటింగ్ వేసిన చదరపు గొట్టాలు. రెండేళ్ళలోపే నేలకు తగిలే చోట పూత బొబ్బలెక్కింది, ఎందుకంటే గొట్టం అడుగు మూయలేదు, ఇల్లు తుడిచిన నీళ్ళు లోపలికి ఎక్కుతూ వచ్చాయి. కాబట్టి గొట్టం రేకు 16 గేజిదా (దాదాపు 1.6 మిల్లీమీటర్ల మందం), వెల్డింగు మరకలు గీకి శుభ్రం చేశాకే పూత వేశారా, అడుగున మూత ఉందా అన్న మూడూ చూడండి.

సోఫాల మీద నాకు పెద్ద అనుభవం లేదు. వంపు సోఫాలు కొనేవారు గుడ్డ తొడిగేముందు చట్రాన్ని చూపించమని అడగాలని, కూర్చునే ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోలకు తగ్గకుండా చూడాలని మాత్రం చెప్పగలను. దారపు ఉచ్చులు తేలిన తెల్లటి బూక్లే గుడ్డను మన రోడ్డు పక్క ఫ్లాట్లకు నేను సూచించను.

మీ టేకు మంచాన్ని దయచేసి అమ్మకండి. ముందు దాని కింద సన్నని పిండి రాలుతోందేమో చూడండి. రాలితే అది పుచ్చు, అయితే అది ఎక్కువగా బెరడు పక్కనుండే తెల్ల చెక్కకే పడుతుంది, లోపలి చేవ బాగానే ఉంటుంది. మా ఊరి ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన ద్వారబంధాలను నేను ఇలాగే కాపాడుకున్నాను. పైకి బూడిద రంగులో, సున్నం మరకలతో ఎందుకూ పనికిరానట్టు ఉన్నాయి. ఒక్కసారి చిత్రిక పట్టగానే తేనె రంగు బయటపడింది, గది అంతా టేకు నూనె వాసన నిండింది. దశాబ్దాలుగా ఆరిన కర్ర కనుక ఇక అది అంత తేలికగా వంగదు, పగలదు. వాటితోనే సన్నని కాళ్ళ బెంచీ ఒకటి చేయించాను. కాలి చివరను నాలుకలా చెక్కి, పలకలో తొలిచిన బెజ్జంలో దిగ్గొట్టారు, ఒక్క స్క్రూ లేదు. మీ మంచం పొడవు పట్టెల్లో ఒక్కొక్కటీ ఆరడుగులకు తక్కువ ఉండదు కాబట్టి, మీకు నచ్చిన భోజనాల బల్లకు రెండు పట్టెల్లోంచి నాలుగు కాళ్ళు తేలికగా వస్తాయి. మంచం కోళ్ళు మాత్రం లేతు మీద గుండ్రంగా తిప్పి చేసినవైతే వాటిని కోయకుండా అలాగే ఉంచి, చిన్న పీటకో దీపపు స్టాండుకో వాడమనండి. సామిల్లుకు పంపేముందు పట్టెలన్నిటి మీదా అయస్కాంతం నెమ్మదిగా నడిపించి, విరిగి లోపల దాగిన మేకులను తీయించండి. మా దాంట్లో రెండు మేకులు మిగిలిపోయి రంపం పళ్ళు విరిగాయి, ఆ తరువాత ఆ మిల్లువారు మిగతా కర్రను ముట్టుకోనన్నారు.