అమరోనే బాటిల్‌ను హైదరాబాద్‌లో పదేళ్లు దాచవచ్చా?

మీ బావగారు ఇటలీ నుంచి తెచ్చిన 2016 నాటి అమరోనే అనే రెడ్ వైన్‌ని అమ్మాయి పెళ్లిదాకా, అంటే ఇంకో పదేళ్లు, అలమరలో దాచుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. మంచి అమరోనే ఇరవై ఏళ్లు కూడా నిలుస్తుంది, కానీ మన వేసవిలో కాదు.

నేను మూడేళ్లు ఇటలీలోని వెరోనాలో ఉద్యోగం చేశాను. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఒక బాటిల్‌ను వంటింటి అటక మీద నిలబెట్టి ఉంచాను. మూడు వేసవులు పోయాక తీస్తే బిరడా పొడిపొడిగా రాలింది. లోపల ఇటుక రంగు నీళ్లు, పాత చింతపండు వాసన. చాలా బాధేసింది, ఎందుకంటే అది ఎలా తయారవుతుందో దగ్గరుండి చూశాను.

వెరోనాకు ఉత్తరాన వల్పోలిచెల్లా కొండల్లో సెప్టెంబరు, అక్టోబరులో కోసిన ద్రాక్ష గుత్తులను మేడమీది గదుల్లో, ట్రేలలో ఒకే వరుసగా పరుస్తారు. మనం ఒరుగులు ఎండలో పెడతాం కదా, వీళ్లు నీడలో, గాలికే మూడు నాలుగు నెలలు వాడబెడతారు. నేను నవంబరులో వెళ్లాను. గది నిండా తేనె కలిసిన ఎండుద్రాక్ష వాసన. ఒక పెద్దాయన గుత్తి ఎత్తి దీపానికి అడ్డంపెట్టి చూసి, బూజు పట్టిన ఒక్క పండును గోటితో గిల్లి తీసేసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టాడు. అలా ట్రే తర్వాత ట్రే! వంద కిలోల పళ్లు చివరికి అరవై, డెబ్బై కిలోలకు దిగుతాయి. ఖరీదంతా అక్కడే ఉంది.

ఒక్క రకం ద్రాక్షతో అయ్యేది కాదిది. చెర్రీ వాసన, అసలు ఒడ్డూపొడుగూ కొర్వీనాది. దానికి తోడు కొర్వినోనే, చక్కగా వడలిపోయే రొండినెల్లా. కొందరు రంగు, వగరు కోసం కాస్త ఒసెలేతా కలుపుతారు. పళ్లలో చేరిన తీపంతా పులిసి ఆల్కహాల్‌గా మారుతుంది, 15, 16 శాతం దాకా. తీపి మిగిలేలా మధ్యలో ఆపితే అది రెచోతో అనే తీపి వైన్. ఇటాలియన్‌లో అమారో అంటే చేదు, అమరోనే పేరు అందులోంచే వచ్చింది. నాకైతే ఆ చివరి చిరుచేదే ప్రాణం.

మీకు 13 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే వైన్ ఫ్రిజ్ ఉంటే బాటిల్‌ను పడుకోబెట్టి నిశ్చింతగా దాచండి. బిరడా తడిగా ఉండాలి, వెలుతురు తగలకూడదు. లేకపోతే ఈ డిసెంబరులోనే తీసేయండి. ముందురోజు నిలబెడితే మడ్డి అడుగుకు దిగుతుంది. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, జగ్గులోకి మెల్లగా వంపి, రెండు గంటలు గాలి తగలనివ్వండి. పక్కన మటన్ వండితే కారం బాగా తగ్గించండి, ఇంత ఆల్కహాల్‌తో కారం నోట్లో మంట రేపుతుంది. గట్టి పాత చీజ్ ముక్క దొరికితే మాత్రం ఇంకేమీ వద్దు.