డిస్క్ నిండింది, ఫైలేమో కనబడదు

ప్రశ్న: ఈ మధ్యే ఒక లైనక్స్ సర్వర్ బాధ్యత నాకు అప్పగించారు. డిస్క్ నిండిపోయిందని మెసేజ్ వస్తే వెతికాను. బాగా పెరిగిపోయిన లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ తన పని రాసుకునే చిట్టా) ఒకటి దొరికింది, ఆర్ఎమ్ (rm) కమాండ్ కొట్టి తీసేశాను. అయినా డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ (df) ఇంకా 100 శాతమే చూపిస్తోంది. ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూతో (du) లెక్క చూస్తే సగం కూడా లేదు. రెండింట్లో దేన్ని నమ్మాలి?

జవాబు: రెండింటినీ నమ్మండి. రెండూ నిజమే చెబుతున్నాయి, లెక్క తీసే చోటే వేరు. డీఎఫ్ నేరుగా ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది, ఎన్ని బ్లాకులు (డిస్క్ జాగా ముక్కలు) వాడకంలో ఉన్నాయని. డీయూ అలా కాదు, ఒక్కో ఫోల్డర్‌లోకీ దిగి, పేరు కనబడిన ప్రతి ఫైలునీ కూడుకుంటూ పోతుంది. మీరు తీసేసిన ఫైలుకి ఇప్పుడు పేరు లేదు కాబట్టి అది డీయూ కంట పడదు, డేటా మాత్రం డిస్క్ మీద అలాగే కూర్చుంది.

యూనిక్స్‌లో ఫైలు వేరు, దాని పేరు వేరు. పేరు ఫోల్డర్‌లో ఉంటుంది, డేటా ఎక్కడుందో చెప్పే వివరాలు ఐనోడ్‌లో ఉంటాయి. ఆర్ఎమ్ కొట్టేసేది ఆ పేరునే, అందుకే లోపల అది వాడే సిస్టమ్ కాల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని అడిగే పిలుపుకి) అన్‌లింక్ అని పేరు. ఆఖరి పేరూ పోయి, ఆ ఫైలుని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ ఒక్కటీ మిగలనప్పుడే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నెల్ ఆ జాగా వదులుతుంది. మీ లాగ్ రాసే ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోంది కదా, అది పేరులేని ఆ ఫైల్లోకే ఇప్పటికీ రాస్తూ ఉంటుంది, అంటే మీరు తీసేశాక కూడా అది పెరుగుతూనే ఉందన్నమాట!

రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా), తెరిచున్న ఫైళ్లు చూపించే ఎల్ఎస్ఓఎఫ్‌ని (lsof) ‘+ఎల్1’ (+L1) ఆప్షన్‌తో నడపండి. పేర్లన్నీ పోయినా ఎవరో ఒకరు తెరిచి పెట్టుకున్న ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు, దాని నంబరు, సైజు అన్నీ వరసగా వస్తాయి. ఆ ప్రోగ్రామ్‌ని రీస్టార్ట్ చేస్తే జాగా వెంటనే తిరిగొస్తుంది. నడుస్తున్న లాగ్‌ని ఈసారి నుంచి ఆర్ఎమ్ చెయ్యకండి, ట్రంకేట్ కమాండ్‌తో సైజు సున్నా చెయ్యండి, ఇంకా మంచిది, పాత లాగ్‌లని వేళకి పక్కన పెట్టి తీసేసే లాగ్‌రొటేట్‌కి అప్పజెప్పడం. ఎల్ఎస్ఓఎఫ్‌లో ఏమీ దొరక్కపోతే ఇంకో చోటు చూడాలి. ఎప్పుడో ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు ఉండగానే దాని మీద వేరే డిస్క్ మౌంట్ చేసి (తగిలించి) ఉంటే, కింద పడిపోయిన ఆ ఫైళ్లు కూడా డీయూకి కనబడవు.

దీనికి తలకిందులైన కేసు కూడా ఉంది. జాగా ఖాళీ ఉందని డీఎఫ్ చెబుతుంటుంది, ఫైలు రాయబోతే చోటు లేదంటుంది. అప్పుడు డీఎఫ్‌కి ‘-ఐ’ తగిలించి చూడండి. లక్షల కొద్దీ బుల్లి ఫైళ్లు చేరి ఐనోడ్లు అయిపోయి ఉండొచ్చు.

ప్రశ్న: ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో (rsync) బ్యాకప్ తీస్తున్నాను. ఒకసారి ఫోల్డర్ లోపల మళ్లీ అదే పేరుతో ఫోల్డర్ వస్తోంది, ఒకసారి రావడం లేదు. పైగా ‘డిలీట్’ ఆప్షన్ వాడాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ కమాండ్‌లో మూల ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉందా లేదా చూడండి, అంతా అక్కడే ఉంది. ‘ఫొటోలు’ అని రాస్తే ఆ ఫోల్డర్‌నే తీసుకెళ్లి గమ్యంలో పెట్టమని అర్థం. ‘ఫొటోలు/’ అని రాస్తే లోపలున్నవి మాత్రమే తీసుకెళ్లమని. గమ్యం పేరు చివర స్లాష్ ఉన్నా లేకపోయినా ఈ విషయంలో తేడా రాదు.

డిలీట్ గురించి మీరు భయపడటం సబబే. మూలంలో లేని ఫైలు గమ్యంలో ఉంటే అది తీసేస్తుంది, స్లాష్ తప్పుపడినప్పుడో, మౌంట్ కాని డిస్క్‌ని మూలంగా ఇచ్చినప్పుడో ఏమవుతుందో ఊహించుకోండి. అందుకని ముందు ‘-ఎన్’, ‘-వి’ కలిపి నడపండి. ఏది కాపీ అవుతుందో, ఏది పోతుందో జాబితా చూపిస్తుంది, ఒక్క ఫైలునీ ముట్టుకోదు. ఆ జాబితా మొత్తం చదివాకే -ఎన్ తీసెయ్యండి. ఇలాంటి సౌకర్యం ఏ టూల్‌లో ఉన్నా ముందు దాన్నే వెతికి పట్టుకోండి, ఎంత అనుభవం వచ్చినా ఈ అలవాటు మానకండి.

ఇంకొక సంగతి. ఆర్‌సింక్ మామూలుగా ఫైలు సైజు, మార్చిన సమయం రెండే పోల్చి చూస్తుంది, అవి సరిపోతే లోపల డేటా చదవదు. అనుమానంగా ఉన్నప్పుడు ‘-సి’ ఇవ్వండి, నెమ్మదిగా అయినా చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) వేసి చూస్తుంది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో ఆర్‌సింక్‌ని విడుదల చేసింది, నెట్‌వర్క్ మీద మొత్తం ఫైలు కాకుండా మారిన ముక్కలే పంపడానికి. రోజూ బ్యాకప్ తీసేవాళ్లకి ఇప్పటికీ ఇది ప్రాణం. అయితే డిలీట్‌తో తీసింది అచ్చం నకలే అవుతుంది. ఇక్కడ పొరపాటున చెరిపిన ఫైలు, తర్వాతి సింక్‌లో అక్కడా పోతుంది. పాత కాపీలు కూడా కావాలంటే రెస్టిక్ గానీ బోర్గ్ గానీ వాడండి, రెండూ ఓపెన్ సోర్సే.

ప్రశ్న: లైనక్స్‌లో చక్కగా నడిచే సెడ్ (sed, ఫైల్లో మాటలు మార్చే కమాండ్) స్క్రిప్ట్ మ్యాక్‌లో ఎర్రర్ ఇస్తోంది. ఎందుకు?

జవాబు: రెండు చోట్లా పేరు సెడ్డే గానీ ప్రోగ్రామ్ ఒకటి కాదు. లైనక్స్‌లో ఎక్కువగా ఉండేది గ్నూ సెడ్, మ్యాక్‌లో బీఎస్‌డీ (యూనిక్స్‌లో ఒక శాఖ) వంశానిది. బీఎస్‌డీ సెడ్‌లో, ఉన్న ఫైలునే మార్చమనే ‘-ఐ’ తర్వాత బ్యాకప్ ఫైలుకి తోక (పేరు చివర చేర్చే ముక్క) తప్పకుండా చెప్పాలి. మీరు చెప్పలేదు కాబట్టి మీ ఎక్స్‌ప్రెషన్‌నే తోక అనుకుంటుంది, ఫైలు పేరుని కమాండ్ అనుకుంటుంది, అందుకే ఆ అర్థంకాని ఎర్రర్. ‘-ఐ.బ్యాక్’ అని మధ్యలో ఖాళీ లేకుండా రాయండి, రెండు చోట్లా నడుస్తుంది, పాత ఫైలూ భద్రంగా ఉంటుంది. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ (స్క్రిప్ట్‌లోని కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) కూడా 3.2 వెర్షన్ దగ్గరే ఉంది. బ్యాష్ 4లో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు (పేరుతో విలువ వెతుక్కునే పట్టికలు) మీ స్క్రిప్ట్‌లో ఉంటే అవీ పనిచెయ్యవు.

ప్రశ్న: ఎవరు రాశారో తెలియని ఉచిత సాఫ్ట్‌వేర్ మీద ఇంత ఆధారపడటం మంచిదేనా? ఎక్స్‌జెడ్ సంగతి విన్నాక భయమేస్తోంది.

జవాబు: తెలియనివాళ్ల కోసం టూకీగా చెబుతాను. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లు కుదించే టూల్. మారుపేరుతో వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, మెయింటెయినర్ (ఆ టూల్ బాగోగులు చూసే మనిషి) నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దాని గురి ఎస్ఎస్‌హెచ్ సర్వర్, అంటే దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నారు. అప్పటికి అది ముఖ్యంగా డెబియన్, ఫెడోరా లాంటి లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ల టెస్టింగ్ వెర్షన్లలోకే చేరింది.

భయపడాల్సిందే, కానీ దేనికి భయపడాలో చూడండి. సోర్స్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టే, ఆ టూల్‌తో ఏ సంబంధమూ లేని మనిషి లోపలికి దిగి చూడగలిగారు. దొంగ కోడ్‌ని నిద్రలేపే ముక్క మాత్రం అందరూ చూసే గిట్ రిపాజిటరీలో (కోడ్ దాచే చోట) లేదు, విడుదల చేసిన టార్ ఫైల్లో (సోర్స్ మూటలో) ఉంది. అసలు లోపం మనుషుల దగ్గరుంది. ప్రపంచమంతా వాడే ఆ టూల్‌ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే, జీతం లేకుండా, చూసుకుంటూ వచ్చారు. అలిసిపోయిన ఆయన మీద కొత్త వెర్షన్లు ఎప్పుడంటూ ఒత్తిడి పెట్టారు, సాయం చేస్తానని వచ్చినవాడికి తలుపు తెరుచుకుంది అలాగే. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ వంతుగా, టూల్స్‌ని మీ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ మేనేజర్ నుంచే తెచ్చుకోండి, సెక్యూరిటీ అప్‌డేట్లు వాయిదా వెయ్యకండి. మీ సంస్థ పని ఏ టూల్ మీద నడుస్తోందో దాని మెయింటెయినర్‌కి విరాళాల పేజీ ఉంటే, డబ్బు పంపించమని పై వాళ్లని అడగండి. బగ్ గురించి రాసేటప్పుడు వెర్షన్, మీరిచ్చిన కమాండ్, వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు పెట్టండి. రెండు రోజుల్లో జవాబు రాలేదని గదమాయించకండి.