యూఐ/యూఎక్స్ కోర్సు ఫీజు కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. నడవలేనివాళ్లు ఒంటికి తొడుక్కునే రోబోలకు ఇంటర్‌ఫేస్ (మనిషి, యంత్రం ఒకరి మాట ఒకరికి తెలిపే ఏర్పాటు) డిజైన్ చేస్తానంటోంది. అమీర్‌పేటలో మూడు నెలల యూఐ/యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడటానికి తేలిగ్గా ఉండేలా డిజైన్ చేయడం) కోర్సు చాలా, ఎం.డిజైన్ (డిజైన్‌లో పీజీ) చేయించాలా? పక్క ఫ్లాట్ అబ్బాయికి సాఫ్ట్‌వేర్‌లో మంచి ప్యాకేజీ వచ్చింది. మా అమ్మాయికి ఉద్యోగం రాకపోతే?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీ అసలు టెన్షన్ ఆ చివరి మాటే కాబట్టి ముందు అది చూద్దాం. నేరుగా ఈ రోబోల మీదే పనిచేసే ఉద్యోగాలు మన దగ్గర ఇంకా తక్కువే. కానీ సెన్సర్లు, ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల లోపలే ఉండి వాటిని నడిపే చిన్న కంప్యూటర్లు) బాగా వచ్చిన ఈసీఈ పిల్ల ఖాళీగా కూర్చోదండీ. వైద్య పరికరాల కంపెనీలున్నాయి, సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఉంది.

ఇక యూఐ/యూఎక్స్. ఈ మధ్య ఏ ఇంట్లో చూసినా ఇదే మాట, నాకు మాత్రం దీని మీద అంత నమ్మకం లేదు. మూడు నెలల్లో తెరలు డిజైన్ చేసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ వస్తుంది, తెర మీద బటన్ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. మీ అమ్మాయి కోరుకున్న పనిలో చాలాసార్లు తెరే ఉండదు. 2014లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న రీవాక్ అనే రోబోనే తీసుకోండి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు దాన్ని తొడుక్కుని నడిచేటప్పుడు రెండు చేతుల్లోనూ ఊతకర్రలుంటాయి. ఇక ఫోన్ ఎలా తీస్తారు? అందుకే లేవడానికి, కూర్చోవడానికి మణికట్టుకు రిమోట్ పెట్టారు. ఒళ్లు కాస్త ముందుకు వంచితే అడుగు పడుతుంది. జపాన్‌లో సైబర్‌డైన్ కంపెనీ చేసిన హాల్ (HAL) అనే రోబో అయితే, కండరాలు కదలబోయే ముందు చర్మం మీద కనిపించే సన్నటి విద్యుత్ సంకేతాలను పట్టుకుంటుంది.

నడుము కింద స్పర్శ తెలియని మనిషికి కాలి దగ్గర వైబ్రేషన్ ఇచ్చి ఏం లాభం? బ్యాటరీ అయిపోతోందని ఎలా చెప్పాలి? నడుస్తుండగా పొరపాటున ‘కూర్చో’ నొక్కితే ఏం కావాలి? వీటికి జవాబులు ఫిజియోథెరపిస్టుల దగ్గర, వాడేవాళ్ల దగ్గర కూర్చుంటేనే దొరుకుతాయి.

మీరేమీ అనుకోకండి, కాస్త గట్టిగానే అంటున్నాను. పక్క ఫ్లాట్ అబ్బాయి ప్యాకేజీ గుర్తుపెట్టుకుని రాశారు. మీ పిల్లకు ఈ ఆలోచన ఎందుకొచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా? ఇరవై ఏళ్లకే ఇంత స్పష్టంగా ఒక పని కోరుకునే పిల్లలు నాకు అరుదుగా కనిపిస్తారు. దాన్ని ప్యాకేజీతో కొలవకండి.

ఎం.డిజైన్ మంచి దారే. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, ఎం.డిజైన్ ప్రవేశ పరీక్ష సీడ్ (CEED) ఫైనల్ ఇయర్‌లోనే రాయొచ్చు. క్యాంపస్ ఆఫర్ వస్తే చేరనివ్వండి, సీడ్ తర్వాతైనా రాసుకోవచ్చు. అమీర్‌పేట ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. అందులో కొంత పెట్టి ఒక ఆర్డునో బోర్డు (సెన్సర్లు తగిలించి ప్రయోగాలు చేసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు), కండరాల సంకేతాలు చదివే ఈఎంజీ సెన్సర్ కొనివ్వండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాంతోనే మొదలుపెట్టమనండి.