శ్రీకాకుళం షోరూమ్‌లో కొనే హ్యుందాయ్ ఐ20, ప్రపంచ ర్యాలీ పోటీల్లో పరిగెత్తే ఐ20 ఒకటేనా?

కాదు, పేరూ ముఖం పోలికా తప్ప ఆ రెండు కార్లకీ చుట్టరికం చాలా తక్కువ. 2022లో వచ్చిన ర్యాలీ1 (ప్రపంచ ర్యాలీలో అగ్రశ్రేణి కార్ల తరగతి) నిబంధనల ప్రకారం పోటీ కారుకి షోరూమ్ బాడీ వాడక్కర్లేదు. ఉక్కు గొట్టాలతో పంజరంలాంటి చట్రం కట్టి, దాని మీద ఐ20 ఆకారాన్ని తొడుగుతారు. లోపల 1.6 లీటర్ల టర్బో ఇంజిన్, నాలుగు చక్రాలకీ శక్తి.

అసలు తేడా అక్కడే ఉంది. విజయనగరం పల్లెల్లో వానకి నానిన మట్టిరోడ్డు మీద మామూలు ఐ20 ఎక్కితే ముందు చక్రాలే లాగాలి, వెనకవి ఊరికే వెంట వస్తాయి. ముందువి బురదలో జారితే కారు అక్కడే ఆగిపోతుంది. ర్యాలీ కారుకైతే వెనక చక్రాలు కూడా తోస్తాయి.

హ్యుందాయ్ 2014లో మోంటే కార్లో ర్యాలీతో ఐ20ని ఈ పోటీల బరిలోకి దింపింది. అదే ఏడాది జర్మనీలో డ్రైవర్ తియరీ నూవిల్ తొలి గెలుపు తెచ్చాడు. 2019, 2020ల్లో తయారీ సంస్థల టైటిల్ వచ్చింది (అప్పటి కార్లకి షోరూమ్ బాడీయే ఆధారం). డ్రైవర్ల టైటిల్ కోసం మాత్రం 2024 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ నూవిల్‌దే.

చాలామంది పొరబడేది షోరూమ్ ఐ20లో స్పోర్టీ రకానికి ఉండే 'ఎన్ లైన్' బ్యాడ్జి చూసి. అందులో ర్యాలీ ఇంజిన్ ఉండదు. మన దగ్గర అమ్మింది 1.0 లీటర్ టర్బో, సుమారు 120 హార్స్‌పవర్. అదీ ముందు చక్రాల బండే.